తూకం మిషను దగ్గర చప్పట్లు

నా తర్వాత ఈ పనిలోకి వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, కొత్త మాత్ర మొదలుపెట్టాక ఒళ్ళు వస్తోందని పేషెంట్లు గొడవ పెడుతున్నారు, ఏం చెప్పాలి?" అని అడుగుతుంటారు. నాకు ముందు నవ్వొస్తుంది. అది విని వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. నవ్వు మీ మీద కాదమ్మా, మా మీదే అని సర్దిచెప్పేసరికి అవతల వాళ్ళకు పని ముంచుకొస్తుంది, ఫోన్ పెట్టేస్తారు. అందుకే ఒకసారి కూర్చుని రాసేస్తే పోతుందనుకున్నాను. రిటైరయ్యాక తీరికకు కొదవలేదు, చెప్పిన మాట వినేవాళ్ళకే కొదవ.

నేను పనిచేసింది చేవెళ్ళలో, ఒక సేవాసంస్థ నడిపిన చిన్న కేంద్రంలో. హెచ్ఐవీ ఉన్నవాళ్ళకు నెలనెలా మందులిచ్చి, మంచిచెడ్డలు కనుక్కుని పంపేవాళ్ళం. రెండు గదులు, ముందు వరండా, వరండాలో ఒక పొడవాటి బెంచీ, దాని పక్కన తూకం మిషను. బయట బోర్డు మీద జబ్బు పేరు ఉండేది కాదు. నేను కౌన్సెలర్ని. మందు రాయడం డాక్టరు పని, సూది గుచ్చడం సిస్టరు పని. ఈ రెండూ రానివాళ్ళకు మిగిలేది మాట్లాడటం, అది నా పని. అందులో మాత్రం నాకు ఎవరూ వంక పెట్టలేదు.

ఇక చప్పట్ల సంగతి. మొదటి రోజుల్లో మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎముకలకు తోలు కప్పినట్టు ఉండేవాళ్ళు. భుజం మీద తువ్వాల నిలిచేది కాదు. అలాంటి మనిషి కొన్ని నెలలు మందు మింగి వచ్చి మిషను ఎక్కితే, ముల్లు కాస్త ముందుకు జరిగితే, ఆ సంతోషం ఎవరితో పంచుకోవాలి? ఇంట్లో చెప్పుకోలేరు, ఊళ్ళో అసలే చెప్పుకోలేరు. అందుకని మా సిస్టరు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. ఆవిడ గొంతూ పెద్దది, అరచేతులూ పెద్దవి. ఆవిడ కొడితే బెంచీ మీదున్న వాళ్ళంతా కొట్టేవారు. బరువు పెరిగిన మనిషి సిగ్గుపడుతూ దిగేవాడు. కొన్నాళ్ళకు అది మా కేంద్రం ఆచారమైపోయింది.

చప్పట్ల కోసం మోసాలు కూడా మొదలయ్యాయి. ఒకాయన వరండా కుళాయి దగ్గర చెంబులకు చెంబులు నీళ్ళు తాగి మిషను ఎక్కేవాడు. ఒకావిడ కొంగున తాళాల గుత్తి కట్టుకుని వచ్చేది. శంకర్‌పల్లి వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన చొక్కా లోపల టిఫిన్ డబ్బాతో దొరికిపోయాడు. సిస్టరు కళ్ళెర్రజేస్తే ఆయన ఏ మాత్రం తొణకలేదు. "డబ్బల బువ్వ జర సేపయినంక నా కడుపులకే పోతది గద సిస్టర్. ముందుగాల తూసిన్రనుకోండి" అన్నాడు. సిస్టరు నవ్వాపుకోలేక ఆయనకూ చప్పట్లు కొట్టేసింది.

బరువంటే మాకు అంత మోజు ఎందుకో చెప్పాలంటే, పాత మాత్ర గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. అప్పట్లో ఇచ్చిన ఒక మందు మనిషిని బతికించేది, ఆ మాట కాదనను. కానీ ఏళ్ళు గడిచే కొద్దీ ముఖంలో కొవ్వు కరిగిపోయేది. చెంపలు లోపలికి పోయేవి, చేతుల మీద నరాలు పైకి తేలేవి, కాళ్ళు పుల్లలయ్యేవి. కొందరికి పొట్ట మాత్రం ముందుకొచ్చేది, ఇంకొందరికి మెడ వెనక ముద్ద కట్టేది. రోగం పేరు మేం ఎంత దాచినా ఆ ముఖం దాచనిచ్చేది కాదు. బస్సులో ఆ చెంపలు చూసి పక్క సీటు వాళ్ళు లేచిపోయిన రోజులున్నాయి. తర్వాత ఆ మందు ఆపేశారు. ఇంకొన్నేళ్ళకు రోజుకొక్కటి వేసుకునే ఇప్పటి మాత్ర వచ్చింది. దాంతో అందరూ ఒళ్ళు చేయడం మొదలుపెట్టారు. మా చప్పట్లకు అంతులేకుండా పోయింది.

ఇందులో అసలు మనిషి ఒకామె ఉంది. ఊరూ పేరూ వద్దు, వంటామె అందాం. మొయినాబాద్ పక్క పల్లెకు కోడలిగా వచ్చింది. భర్త ఈ జబ్బుతోనే పోయాడు. ఆయన పోయాక ఆమెకు పరీక్ష చేశారు. ఆమె చాలా ఏళ్ళు పాత మాత్ర మింగింది. చెంపలు పోయాయి. ఊళ్ళో ఎవరూ ముఖం మీద ఏమీ అనలేదు. కానీ ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా, ఆడవాళ్ళంతా కలిసి పెరట్లో పెద్ద పొయ్యిలు పెట్టి వంట చేసే చోటికి ఆమెను రానిచ్చేవారు కాదు. ఆమె తోటికోడలు, అక్కడివాళ్ళ మాటలో యారాలు, పెద్దావిడ. ఎంతో ప్రేమగా ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి పందిట్లో వేసేది. "నువ్వు కూసో చెల్లె, నీకు పానం బాగుండది గద" అనేది. ఇంటి కోడలికి చుట్టాలతో పాటు కుర్చీ వేయడమంటే ఏమిటో తెలిసినవాళ్ళకు తెలుస్తుంది. తిట్టినా అంత బాధ ఉండదు.

కొత్త మాత్ర వచ్చాక ఆమె చెంపలు పూడాయి. చేతులు నిండాయి. అజీజ్‌నగర్‌లో ఒక ఫాంహౌజ్‌లో వంటపని దొరికింది. దాని ఓనర్లు కోస్తా వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడి, ఇప్పుడు మోకిలలో ఉంటున్న సాఫ్ట్‌వేర్ కుటుంబం. శని, ఆదివారాలు వచ్చేవారు. ఆమెను చూసి "వంటచేసే మనిషి ఇలా కళకళలాడుతూ ఉండాలండీ" అన్నారట. ఆ ఏడాదే మరిదిగారి ఇంట్లో ఏదో కార్యం జరిగితే యారాలు ఆమెను పైకీ కిందికీ చూసి, "మంచిగైనవ్ పో. రా, పప్పు కాడ నువ్వుండు" అని గంటె చేతికిచ్చింది. ఆ సంగతి మా దగ్గర చెప్పడానికే ఆ నెల ముందుగా వచ్చింది. "పొయ్యి కాడ కూసున్న మేడం. పొగకు కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. పొగ తోనే అనుకున్నరు అందరు" అని చెప్పి, నా ముందు మళ్ళీ ఏడ్చి నవ్వింది.

అలా అంతా బాగున్న రోజుల్లో కొత్త డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, చురుకైన మనిషి. ఆమె వచ్చిన మొదటి వారంలోనే వంటామె మిషను ఎక్కింది. ముల్లు మళ్ళీ పైకి జరిగింది. సిస్టరు చప్పట్లు, బెంచీ చప్పట్లు. డాక్టరమ్మ తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

"ఎవరిదైనా బర్త్‌డేనా?" అంది.

విషయం చెప్పాం. ఆమె మిషను వైపు చూసింది, వంటామె వైపు చూసింది, మా ఇద్దరి వైపూ చూసింది. మేమిద్దరం ఏమీ సన్నటి మనుషులం కాము. డాక్టరమ్మ పెదాలు బిగబట్టుకుని, "చప్పట్లు ఇక చాలు, ఆమెకు షుగర్ టెస్ట్ రాస్తున్నాను" అని లోపలికి వెళ్ళిపోయింది.

షుగర్ వచ్చింది. రక్తంలో కొవ్వు కూడా ఎక్కువే ఉంది. ఆ సాయంత్రం డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఓపికగా చెప్పింది. ఇది మంచి మాత్ర, ఎవరూ ఆపకూడదు. కానీ కొందరికి దీంతో ఒళ్ళు బాగా వస్తుంది. కొంత మందు వల్ల, కొంత మనిషి కోలుకోవడం వల్ల, కొంత తిండి వల్ల. ఎక్కడ ఆగాలో మనం చూసుకోవాలి. "మీరు ఇన్నేళ్ళూ సన్నబడతారని భయపడ్డారు. ఇప్పుడు నడుము కూడా చూడాలి" అంది. మర్నాడు సిస్టరు చేవెళ్ళ బజారుకు వెళ్ళి దర్జీలు వాడే టేపు కొనుక్కొచ్చింది. ముందు తన నడుము కొలుచుకుంది. ఎంత వచ్చిందో మాకెవరికీ చెప్పలేదు.

చప్పట్లు ఆపేసరికి బెంచీ మొత్తం అలిగింది. "మాకేం తక్కువైంది సిస్టర్, మొన్న ఆమెకు కొడితిరి గద" అని తగాదాకు వచ్చినవాళ్ళున్నారు. బరువు తగ్గితే కొడదామని సిస్టరు ఒకసారి ప్రయత్నించింది. తగ్గిన మనిషి బిక్కచచ్చిపోయి, "ఏమైంది సిస్టర్, మల్ల రోగం మోపైందా?" అని ఏడుపు ముఖం పెట్టాడు. తగ్గడమంటే చావు దగ్గరికి రావడమని మేమే కదా ఇన్నేళ్ళూ నేర్పాం. నేర్పింది మరిపించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

వంటామె అందరికంటే మొండికేసింది. నా గదిలో కూర్చుని తెగేసి చెప్పింది.

"షుగర్ గోలి ఏస్కుంట మేడం. ఒక్కటి గాకుంటె రెండు ఏస్కుంట. గని బక్కగ గావాల్నంటె మాత్రం నాతోని గాదు."

"ఎందుకు గాదు? అన్నం జర తగ్గిస్తే, రోజూ నడిస్తే..."

"నడుస్త. నాకేం నొప్పి? గని బక్కగైతే ఏమైతదో మీకెర్కలేదా? అప్పుడు బక్కగైతే కుర్చేసిన్రు. మల్ల బక్కగైతే పిలువనే పిలువరు. ఆ పొయ్యి కాడికి పోవడానికి నాకు ఇన్నేండ్లు పట్టింది."

నేను డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. "షుగర్ ఇలాగే ఉంటే కళ్ళు పోతాయి, కిడ్నీలు పోతాయి. పొయ్యి కంటే అవి ముఖ్యం కాదా?" అని ఆమె మండిపడింది. తిరిగి వంటామె దగ్గరికి వచ్చాను. ఇద్దరి మధ్యా తిరగడంలోనే నాకు కాస్త వ్యాయామం అయింది. ఇద్దరూ చెప్పేది నిజమే. కళ్ళు కాపాడుకోవాలి, కుర్చీ తప్పించుకోవాలి. ఇలాంటప్పుడు పెద్ద పెద్ద మాటలు చెప్పకండి పిల్లలూ. ముందు చేయగలిగిన చిన్న పని ఏదో చూడండి. నేను ముందు నడక దగ్గర మొదలుపెట్టాను.

నడక కూడా అంత తేలిక కాదని తేలింది. ఊళ్ళో ఆడమనిషి చేతిలో ఏమీ లేకుండా, ఎక్కడికీ కాకుండా నడవకూడదు. ప్రతి గడప దగ్గరా "ఏడికి పోతున్నవ్?" అని అడుగుతారు. "ఉత్తగనే" అంటే సరిపోదు, దాని వెనక ఇంకో పది ప్రశ్నలొస్తాయి. ఫాంహౌజ్ తోటలో నడిస్తే పనేం లేదా అంటారు. ఇవన్నీ చెప్పి ఆమె ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"మీరు నడుస్తరా మేడం?"

వరండాలోంచి సిస్టరు నవ్వు వినిపించింది. నా గదికి తలుపు ఉంది కానీ ఆవిడ చెవులకు లేదు. నేను ఇంటి నుంచి బస్టాండుకు కూడా ఆటో ఎక్కే మనిషినని మా కేంద్రంలో అందరికీ తెలుసు. "నువ్వు నడిస్తే నేనూ నడుస్త" అనేశాను. ఇలాంటి మాటలు నోరు జారితే ఎంత దూరం తీసుకెళ్తాయో అప్పటికి తెలియదు.

దారి ఆమే చూపించింది. "చిల్కూరు గుడి చుట్టు తిరుగుదం మేడం. గుడి చుట్టు తిరిగేటోళ్ళను ఎందుకు తిరుగుతున్నవని ఎవ్వలడుగుతరు? ఎన్ని సుట్లు తిరిగితే అంత పుణ్యమంటరు గద" అంది. ఆమె పనిచేసే చోటు నుంచి చిల్కూరు దగ్గరే. వారంలో వీలైనన్ని రోజులు పొద్దున్నే పనికి పోయే ముందు ఆమె ఒక్కతే వెళ్ళేది. ఆదివారం మాత్రం ఓనర్లకు భోజనం పెట్టి వచ్చేది, నేను మొయినాబాద్‌లో ఆటో మారి వెళ్ళేదాన్ని.

మీకు తెలిసిందే, రోడ్డు మీద పేషెంటు ఎదురైతే మనం పలకరించం. వాళ్ళు పలకరిస్తేనే పలుకుతాం. మనల్ని చూసి వాళ్ళెవరో జనం పోల్చుకుంటారని భయం. కానీ కోరికలు కోరుకుని ఆ గుడి చుట్టూ తిరిగే జనంలో ఎవరు ఎవరితో వచ్చారో దేవుడికి కూడా తెలియదు. అందరి చేతుల్లో అంకెలు వేసిన కాగితం, ఒక పెన్ను. ఒక్కో చుట్టుకు ఒక్కో గీత. మేమిద్దరం పక్కపక్కనే నడుస్తూ, అల్లుళ్ళ గురించి, వంకాయల గురించి, డాక్టరమ్మ గురించి హాయిగా మాట్లాడుకునేవాళ్ళం. మొదటి ఆదివారం నేను కొన్ని చుట్లకే కూలబడ్డాను. ఆమె నా ముందు నుంచి మళ్ళీ మళ్ళీ వెళ్తూ, ప్రతిసారీ "లేవుండ్రి మేడం, మీరే మాటిచ్చిన్రు" అని దెప్పుతూ పోయింది. ఆ ప్రదక్షిణాల్లో నాకు దక్కింది పుణ్యమో మోకాళ్ళ నొప్పో చెప్పలేను. చీరకు మాత్రం కొన్నాళ్ళకు ఒక కుచ్చిలి ఎక్కువ వచ్చింది.

తిండిలో కూడా ఆమె మార్పు తెచ్చింది. ఫాంహౌజ్‌లో మిగిలిన బిర్యానీ పారెయ్యలేక తినేది, అది మానేసి పక్కింటి వాచ్‌మన్ కుటుంబానికి ఇవ్వడం మొదలుపెట్టింది. రాత్రికి జొన్నరొట్టె, ఆకుకూర పప్పు.

ఒక ఆదివారం మాకు పక్కగా ఒక పిల్ల నడుస్తోంది. చదువుకున్న పిల్ల, మెడలో ఐడీ కార్డు తాడు కూడా తియ్యలేదు. మాటలు కలిపి, "ఆంటీ, మీరు ఏ కోరిక మీద తిరుగుతున్నారు?" అని వంటామెను అడిగేసింది. నేను గతుక్కుమన్నాను. వంటామె ఒక అడుగు ఆగి, "షుగరు బిడ్డా" అంది. వేరే ఏమీ తోచలేదని తర్వాత చెప్పింది.

"అయ్యో, మా మమ్మీకి కూడా ఉంది ఆంటీ! నైట్ మెంతులు నానబెట్టి మార్నింగ్ తింటుంది. మీరు ట్రై చేశారా?" అని ఆ పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టుకుని ఒక చుట్టంతా మెంతుల గురించి, కాకరకాయ రసం గురించి, వాళ్ళ మమ్మీ ఎట్లా దొంగతనంగా మైసూర్‌పాక్ తింటుందో దాని గురించి చెప్పింది. తర్వాత "తగ్గిపోతుంది ఆంటీ" అని భుజం తట్టి ముందుకు వెళ్ళిపోయింది.

వంటామె నడవడం మానేసి పక్కన అరుగు మీద కూర్చుంది. ఆ పిల్ల పట్టుకున్న చేతిని తిప్పి చూసుకుంది.

"షుగరున్నదంటే దూరం జరుగలే మేడం" అంది. "ఇంకింత దగ్గరికొచ్చింది."

నేనూ ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికి ఆమే నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలోంచి నీళ్ళు కారేదాకా నవ్వింది. ఇన్నేళ్ళూ ఒక జబ్బు పేరు నోటిదాకా రానివ్వకుండా బతికిన మనిషి, నోరారా చెప్పుకోగలిగిన జబ్బు ఒకటి దొరికిందని నవ్వుతోంది. నేనూ కలిసి నవ్వాను. గుడిలో ఇద్దరు లావుపాటి ఆడవాళ్ళు అరుగు మీద పడి అట్లా నవ్వుతుంటే జనం ఏ కోరిక తీరిందో అనుకుని దండం పెట్టుకుంటూ పోయారు.

నెలలు గడిచాయి. షుగర్ దారికి వచ్చింది. డాక్టరమ్మ ముఖంలో నవ్వు చూశాం. వంటామె కొంత తగ్గింది. ఎక్కువేమీ కాదు, కానీ తగ్గడం ముఖంలోనే ముందు కనిపించింది. చెంపల దగ్గర నీడ పడింది. సరిగ్గా అప్పుడే యారాలి మనవడి పుట్టువెంట్రుకలు తీయించే కార్యం వచ్చింది. వంటామె నెల తిరక్కుండానే కేంద్రానికి పరుగెత్తుకొచ్చింది.

"వారం దినాలు బువ్వ దండిగ తింటె చెంపలొస్తయా మేడం?"

"చెంపలకు మాత్రమే పొమ్మని బువ్వకు ఎవరు చెప్తరమ్మా?"

"మరి పోవుడు మానేద్దునా? పిల్లగానికి నేనంటే పానం. పోకుంటె వాడు ఎదురుచూస్తడు. పోతే కుర్చేస్తరు." నా చెయ్యి పట్టుకుని, "మీరు గుడ రాండి. మీరుంటే నాకు ధైర్నం" అంది.

నేను పోవచ్చా? పేషెంటు ఇంటికి పిలవకుండా పోకూడదని మనకు నేర్పుతారు. పిలిస్తే ఏం చేయాలో ఎవరూ సరిగ్గా నేర్పరు. డాక్టరమ్మను అడిగాను. "ఆమె పిలిచింది కాబట్టి వెళ్ళండి. కానీ మీరెవరో ఆమే చెప్పాలి, ఏం చెప్పాలో ఆమె ఇష్టం. మీరు మాత్రం నోరు విప్పకండి" అంది. నోరు విప్పకపోవడం నాకు ఎంత కష్టమో తెలిసే అన్నదని నా అనుమానం.

కార్యం రోజు పొద్దున్నే వెళ్ళాను. "గుడి కాడ నా దోస్తు" అని వంటామె అందరికీ చెప్పింది. ఇంటి ముందు పందిరి, పెరట్లో రాళ్ళు పెట్టి మూడు పెద్ద పొయ్యిలు. యారాలు అప్పటికే పొయ్యి ముందు కూర్చుని కట్టెలు ఎగదోస్తోంది. చుట్టూ ఇంటి ఆడవాళ్ళు ఉల్లిగడ్డలు కోస్తున్నారు, అల్లం దంచుతున్నారు. పక్కన గోడకు ఆనించి ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వంటామె కళ్ళు ముందు వాటి మీదికే పోయాయి. నా కళ్ళూ అంతే.

యారాలు తలెత్తి చూసింది. చేతిలో కట్టె అట్లాగే ఉండిపోయింది.

"ఏంది చెల్లె, గిట్లైనవ్? ముఖమంత గుంజుకపోయింది. మల్ల..."

అంతే అన్నది. ఆ 'మల్ల' తర్వాత ఏముందో అక్కడ అందరికీ తెలుసు. ఉల్లిగడ్డలు కోసే చేతులు ఆగాయి. దంచే రోకలి ఆగింది. ఒకావిడ మెల్లగా లేచి కుర్చీల వైపు ఒక అడుగు వేసింది. నోరు విప్పకూడదని డాక్టరమ్మ చెప్పకపోతే ఏం వాగి ఉండేదాన్నో.

వంటామె కొంగు నడుముకు చుట్టి దోపింది.

"షుగరొచ్చింది అక్క" అంది. అందరికీ వినపడేలా, పందిట్లో కూర్చున్న మగవాళ్ళకు కూడా వినపడేలా అంది. "ఒళ్ళు తగ్గియ్యమని డాక్టరమ్మ ఒక్కటే ఒర్రుతున్నది. బువ్వ బంద్ జేసిన, గుడి చుట్టు తిరుగుతున్న. ఇగో, ఈమె సాచ్చెం."

నేను తల ఊపాను. అంతకంటే గట్టిగా నా జన్మలో ఎప్పుడూ తల ఊపలేదు.

పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"ఎంతున్నది?" అని అడిగింది యారాలు.

వంటామె తన లెక్క చెప్పింది. అంతే, మూలన అల్లం దంచుతున్న ముసలవ్వ రోకలి పక్కన పెట్టేసింది. "గంతేనా? నాకు దానికి డబల్ ఉన్నది" అంది ఎంతో గర్వంగా. ఉల్లిగడ్డల దగ్గర ఉన్నావిడ "నీకేందవ్వా, నువ్వు గోలి మింగి మీంచి జిలేబి తింటవ్" అంది. ఇంకొకావిడ తన కాలి బొటనవేలు తిమ్మిరెక్కుతోందని చూపించింది. ఎవరికి ఎంత ఉందో, ఎవరు ఏ డాక్టరు దగ్గరికి పోతున్నారో, ఎవరు కాకరకాయ తింటున్నారో పోటీలు పడి చెప్పుకున్నారు. కుర్చీల వైపు పోయిన ఆవిడ మధ్యలోనే ఆగి, "కాకరకాయ ఉడకబెట్టి తినాల్నా, పచ్చిదా?" అని అడుగుతూ వెనక్కి వచ్చింది.

ఆ గోల మధ్య యారాలు వంటామె వైపు కాస్త జరిగి, గొంతు తగ్గించింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"నాకు గుడ ఉన్నది చెల్లె. ఎండకాలం కెల్లి."

"ఇంట్ల ఎర్కనా?"

"చెప్పలే. చెప్తే మా కొడుకు నా చాయల చక్కెర బంద్ జేస్తడు."

వంటామె ఆపుకోలేక పకాలున నవ్వింది. ఏమైంది, ఏమైంది అని అందరూ అడిగారు. వాళ్ళిద్దరూ చెప్పలేదు. యారాలు ముఖం గంటు పెట్టుకుని, "నవ్వుడు సాలు, పప్పు మాడుతది, తిప్పు" అని గంటె అందించింది. వంటామె పొయ్యి ముందు కూర్చుంది. పొగ వచ్చింది. ఈసారి ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి. తడిసింది నావే.

ఇక్కడ మీరు అడుగుతారని నాకు తెలుసు. ఆమె అబద్ధం చెప్పింది కదా అని. లేదు. ఉన్న జబ్బు పేరే చెప్పింది. చెప్పనిది తన సొంతం, దాన్ని ఎవరి ముందు పెట్టాలో ఆమెకే తెలుసు. ఒకే ఒంట్లో ఉన్న రెండు జబ్బుల్లో ఒకదానికి కుర్చీ, రెండోదానికి కాకరకాయ రసం. ఇందులో న్యాయం లేదని నాకు ఒళ్ళు మండింది, ఇప్పటికీ మండుతుంది. కానీ ఆ రోజు పొయ్యి దగ్గర కూర్చున్న ఆమె ముఖం చూశాక, కోపం ఇంకో రోజుకు దాచుకుందామనుకున్నాను. సంతోషించాల్సిన రోజున సంతోషించడం కూడా మన పనిలో భాగమే. అది ఎక్కడా రాసిపెట్టరు కాబట్టి నేను రాస్తున్నాను.

పిల్లవాడికి గుండు చేయించారు, వాడు ఊరంతా వినపడేలా ఏడ్చాడు, వంటామె ఎత్తుకుంటే ఊరుకున్నాడు. మధ్యాహ్నం బంతి పెట్టారు. చుట్టాలందరికీ వడ్డించాక ఇంటి ఆడవాళ్ళు పెరట్లోనే చాప మీద కూర్చున్నారు. నాకు కూడా అక్కడే విస్తరి వేశారు. మటన్ కూర, బగారన్నం, వంటామె చేసిన పప్పు. నేను మాత్రం అన్నీ తిన్నాను. నాకు ఆరోజు సెలవు.

వంటామె తనకోసం ఇంటి నుంచి గుడ్డలో చుట్టి తెచ్చుకున్న జొన్నరొట్టెలు విప్పి విస్తట్లో పెట్టుకుంది. ఎదురుగా ఉన్న యారాలు లేచి వచ్చి ఆమె పక్కన చతికిలబడింది. తన విస్తట్లో బగారన్నం అలాగే ఉంది. ఒకసారి పందిట్లో ఉన్న కొడుకు వైపు చూసి, చెయ్యి చాపి, వంటామె విస్తట్లోంచి రొట్టె తుంచుకుంది. వంటామె తింటున్న పప్పులోనే అద్దుకుని నోట్లో పెట్టుకుంది. నములుతూ ముఖం చిట్లించింది.

"ఉప్పు తక్కువైంది" అంది.

"గంతే ఏస్కోవాలక్క. బీపీ గుడ ఒస్తదంటున్నరు."

"అన్ని రోగాలు నాకే చెప్తవేందే" అని సణిగి, యారాలు ఇంకో ముక్క తుంచుకుంది.